ఆముదం రాసిన గడ్డం

దిండు గలీబులు ఉతికి ఉతికి నా చేతులు పడిపోయాయి. ఏడో నెల కడుపుతో బకెట్టు ముందు కూర్చోవడమే గగనమంటే, ఆ ఆముదం జిడ్డు సబ్బుకు లొంగదు, సర్ఫుకు లొంగదు, వేడినీళ్ళకు లొంగదు. గలీబు మధ్యలో ఏమీ ఉండదు. రెండు వైపులా, చెంప ఆనే చోట, అరచేయంత మరక. ఆ వాసనకు పొద్దున తిన్న ఇడ్లీ కడుపులో నిలవదు. తలకు రాసుకున్న నూనె అయితే తల ఆనే చోట ఉండాలి కదా, చెంప దగ్గర ఎందుకుందని నాకు ఒక్కరోజైనా తట్టలేదు. విత్తనాల ల్యాబులో రోజుకు నాలుగు వందల మొలకలు చూసి ఏది బతుకుతుందో ఏది బతకదో చెప్పే పని నాది. ఇంట్లో దిండు మీది మరక సంగతి మాత్రం కనిపెట్టలేకపోయాను.

"ఏందిది సారథీ, రోజూ ఈ ఆముదమేంది?" అని అడిగాను ఒకసారి.

"జుట్టు రాలిపోతాంది వేదా. అమ్మ రాసుకోమనింది," అన్నాడు.

వాళ్ళమ్మ పేరు చెబితే నేను ఇంకో ప్రశ్న వేయనని ఆయనకు బాగా తెలుసు.

మా ఆయన విజయసారథి ఎయిర్‌పోర్టులో ఫైర్‌మన్. ఈ ముక్క నలుగురికీ చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. ఎయిర్‌పోర్టు అనే దాకా వింటారు, ఆ తర్వాతది ఎవరికీ చెవికెక్కదు. పక్కింటి రంగమ్మ తన మనవరాలికి హైదరాబాదు టికెట్టు తక్కువలో ఇప్పిస్తాడా అని మూడుసార్లు అడిగింది. నూనెపల్లె ఆటో ఆయన "విమానం తోలుతాడామ్మా?" అన్నాడు. అర్థమైనవాళ్ళు ఇంకా ఘోరం. "ఆడ ఎప్పుడన్నా విమానం కాలిందా?" అంటారు. కాలలేదు. నాలుగేళ్ళలో కాలింది రన్‌వే పక్కన ఎండుగడ్డి, అదీ రెండుసార్లు. "అయితే ఊరికే కూచోబెట్టి జీతమిస్తారు," అని తీర్పు చెప్పి వెళ్ళిపోతారు.

ఊరికే ఎవరూ కూర్చోబెట్టరు. మేముండే నంద్యాలకు గంట దూరంలో, గుట్టల మధ్య ఉన్న చిన్న ఎయిర్‌పోర్టు అది. రోజుకు వచ్చేవి రెండు మూడు విమానాలే. కానీ ప్రతి ఒక్కటీ దిగకముందే వీళ్ళు బూట్లు తొడుక్కుని, లారీకి రెండింతలుండే ఆ బండి స్టార్ట్ చేసుకుని కాచుకుని ఉండాలి. గంట మోగితే మూడు నిమిషాల్లో రన్‌వే ఆ చివరనైనా సరే నురగ పడాలి. బండి మీద ఉండాల్సిన మనుషుల్లో ఒక్కడు తగ్గినా విమానాన్ని దిగనివ్వరు. ఇదంతా రంగమ్మకు చెప్పాను. అంతా విని, "టికెట్టు సంగతి మాత్రం అడుగమ్మీ," అంది.

పెళ్ళయిన కొత్తలో ఆయన రోజూ అయిదింటికి లేచి గడ్డం గీసుకుంటుంటే, ఆదివారం కూడా ఈ సోకేంది అని ఎగతాళి చేశాను. అప్పుడు చెప్పాడు. పొగలోకి పోయేటప్పుడు వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు ఉంటాయి. మాస్కు రబ్బరు అంచు చర్మానికి గట్టిగా అతుక్కోవాలి. మధ్యలో గడ్డం ఉంటే సందు పడుతుంది. సిలిండరు గాలి ఆ సందులోంచి బయటికి పోతుంది, బయటి పొగ లోపలికి వస్తుంది. అందుకే వాళ్ళ స్టేషన్లో గడ్డం ఉండకూడదు. వాళ్ళ షిఫ్టు ఇన్‌చార్జి ఖాసిం అన్న ఇరవై అయిదేళ్ళు వేరే ఎయిర్‌పోర్టుల్లో చేసి ఇక్కడికి వచ్చిన మనిషి. నమాజు తప్పడు, గడ్డం ఉంచడు. "దేవునికి నా సంగతి తెలుసు, పొగకు తెలీదు," అంటాడట. డ్యూటీ మొదలవగానే అందరినీ వరసలో నిలబెట్టి, వేళ్ళ వెనక భాగంతో ఒక్కొక్కరి దవడ కిందినుంచి పైకి నిమిరి చూస్తాడు. గరగర తగిలితే వెనక్కి పంపి గీసుకు రమ్మంటాడు.

ఇక మా అత్తగారింటి పట్టింపు. కడుపుతో ఉన్నదాని మొగుడు కత్తి ముట్టకూడదు. క్షవరం లేదు, గడ్డం గీయడం లేదు, కాన్పు అయ్యేదాకా అంతే. చాలా ఇళ్ళలో ఉన్నదే, చాలా ఇళ్ళు వదిలేసినదే. మా అత్త గోదమ్మ వదిలే రకం కాదు. మా మామ చక్రపాణి నలభై ఏళ్ళు అహోబిలం గుడి వంటశాలలో ప్రసాదాలు వండి, మోకాళ్ళు పోయాక ఆళ్ళగడ్డలో చిన్న ఇల్లు తీసుకున్నాడు. ఆ ఇంట్లో పంచాంగం చూడకుండా చీపురు కూడా కొనరు.

పోయిన సంవత్సరం నాలుగో నెలలో నాకు గర్భం పోయింది. దాని గురించి ఎక్కువ చెప్పలేను. డాక్టరమ్మ రిపోర్టులు ముందు పరిచి, పిండం ఎదుగుదలలోనే లోపముందనీ, ఎవరేం చేసినా నిలిచేది కాదనీ విడమరచి చెప్పింది. మా అత్త అంతా విని, "వాడు ముందురోజే గడ్డం గీసినాడు," అంది. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ మంట. అన్నం వడ్డిస్తున్నా, పూలు కడుతున్నా ఆ మాట ఆమె నాలుక చివర ఉన్నట్టే ఉండేది. మొగుడు గీశాడు, పెళ్ళాం గీయనిచ్చింది, ఇద్దరూ కలిసి బిడ్డను పోగొట్టుకున్నారని ఆమె మనసులో ఉందని నాకు ఖాయంగా తెలుసు. లేదా తెలుసనుకున్నాను.

ఈసారి నెల తప్పిందని చెప్పిన రోజే ఆళ్ళగడ్డ నుంచి బస్సెక్కి వచ్చేసింది. కొడుకు చేయి తన తల మీద పెట్టించుకుని కాన్పు దాకా గడ్డం గీయనని ఒట్టు వేయించుకుంది. నేను వంటింట్లో గిన్నె ఎత్తి గట్టిగా పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు.

"మరి డ్యూటీ ఎట్ల?" అని అడిగాను ఆమె వెళ్ళాక.

"వాచ్‌రూములో వేయించుకుంటాలే, పోయినసారి మాదిరే," అన్నాడు.

వాచ్‌రూమంటే అద్దాల గది. బైనాక్యులరుతో రన్‌వే చూస్తూ ఫోన్లు ఎత్తే పని. మాస్కు అక్కర్లేదు. నాకూ అది బాగానే అనిపించింది. గడ్డం పెరిగింది, నా కడుపు పెరిగింది, దిండు మీద మరకలు పెరిగాయి.

ఒక బుధవారం మధ్యాహ్నం ల్యాబు నుంచి తొందరగా వచ్చి కాళ్ళు చాపుకున్నాను. గేటు ముందు కారు ఆగింది. ఖాసిం అన్న ఒక పక్క, ఇలియాస్ అనే ఇంకో ఫైర్‌మన్ ఒక పక్క పట్టుకుని సారథిని లోపలికి తెచ్చారు. కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి. ముక్కు కింద మసి. మణికట్టుకు ఆసుపత్రి పట్టీ. నోరు తెరిస్తే మాట రాలేదు, దగ్గు వచ్చింది.

గోడ పట్టుకుని లేచాను.

"కూచో తల్లీ, కూచో," అన్నాడు ఖాసిం అన్న. "ఏం కాలేదు. పొగ మింగినాడు. డాక్టరు చూసినాడు, ఆక్సిజన్ పెట్టినారు, ఇంటికి పొమ్మన్నారు. నువ్వు భయపడొద్దు. నేనుండా కదా, నేను భయపడింది సాలు."

"వాచ్‌రూములో పొగేంది అన్నా?"

ఖాసిం అన్న సారథి వైపు చూశాడు. సారథి నేల వైపు చూశాడు. ఇలియాస్ నీళ్ళు తెస్తానని వంటింట్లోకి తప్పుకున్నాడు.

"వాచ్‌రూము యాడిది వేదమ్మా? రెండు నెలల కిందటే బండెక్కినాడు. ఒకాయన కాలు విరగ్గొట్టుకున్యాడు, ఇంకొకాయన సెలవు. మనిషి తగ్గితే విమానం దిగదు. నేను తల పట్టుకోనుంటే వీడొచ్చి, నేనెక్కుతా అన్నా, మాస్కు బాగా కూచుంటాంది సూడు అన్యాడు. సూస్తి. గాలి బంద్ చేసి పీల్చమంటి. మాస్కు మొహానికి అతుక్కుండె, సిలిండరు గేజీ ముల్లు కదల్యా. గడ్డం మీద ఎట్ల అతికిందిరా అని నేను అడగాల. అడగల్యా. పోయినేడు మీ ఇంట్లో జరిగింది నాకు తెలుసు గదా, గడ్డం తియ్ అనేదానికి నోరు రాల్యా. తప్పు నాది గూడా ఉండాది."

"ఎట్లతికింది మరి?"

"ఆముదం," అన్నాడు ఖాసిం అన్న.

నా కళ్ళ ముందు గలీబులన్నీ వరసగా కనిపించాయి.

"ఈపొద్దు పొగ గదిలో డ్రిల్లు. విమానం మాదిరి ఇనప డొక్కు, లోపల పొగ నింపుతాం. ఎనభై కిలోల బొమ్మ ఉంటాది, దాన్ని పాసింజరు అనుకుని బయటికి మోసుకురావాల. లోపల ఎట్లాంటి వేడి తెలుసునా? చెమట పట్టి ఆముదం కరిగిపాయ. సిలిండరు ఇరవై నిమిషాలు రావాల్సింది, పది నిమిషాలకే గాలి అయిపోతాందని విజిలు కొట్టె. బొమ్మను ఎత్తేదానికి వంగినాడు, మాస్కు జర్రున జారె. ఆడనే పడిపాయ." ఆయన గొంతు తగ్గింది. "ఇలియాసు, ఇంకొకడు పోయి వీణ్ణి మోసుకొచ్చినారు. బొమ్మను లోపలే వదిలిపెట్టినారు. ఇనపడుతాందా సారథీ? నిన్ను తెచ్చేదానికి బొమ్మను వదిలిపెట్టినారు. అది బొమ్మ గాబట్టి సరిపాయ."

సారథి తల ఇంకా కిందికి వంచాడు.

"ఇరవై తొమ్మిదేండ్ల సర్వీసు నాది," అన్నాడు ఖాసిం అన్న లేస్తూ. "మాస్కుకు ఆముదం పూసినోణ్ణి చూళ్ళేదు. దోసెల పెనమనుకున్యాడేమో. సెలవు రాసినా. డాక్టరు సరే అంటే సోమవారం రా. గడ్డం లేకుండా వస్తే నా మనిషివి. గడ్డంతో వస్తే నేనే పైకి రాసి పంపిస్తా, ఇంగ యా బండీ ఎక్కవు."

వాళ్ళు వెళ్ళాక ఆయనకు మజ్జిగ ఇచ్చాను. తాగేదాకా ఆగాను. ఆ తర్వాత ఆగలేదు.

"రెండు నెల్లు అబద్ధం చెప్పినావు. నేను వంగలేక వంగలేక గలీబులు ఉతుకుతాంటే చూస్తా కూచున్యావు. నువ్వు ఆడ పొగలో పడిపోతే నేనీడ ఎవరి మొహం చూసి కనాల? నీ ఒట్టు మీ అమ్మ తల మీద ఉండాది సరే, నీ పానం ఎవరి తల మీద ఉండాది?"

"నాకేం నమ్మకమని కాదు వేదా," అన్నాడు బొంగురు గొంతుతో. "మళ్ళ ఏమన్నా అయితే, నేను గీసుకున్నందుకే అని అమ్మ మొహంలో చూళ్ళేను. నీ మొహంలో చూళ్ళేను. అంతకన్నా పొగే మేలనిపించె."

కోపంతో ఆయన్ని కొట్టాలనిపించింది. జాలితో ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక దిండు గలీబు ఊడబీకి బకెట్లో పడేశాను.

శనివారం పొద్దున ఆళ్ళగడ్డ బస్సెక్కాం. గంట ప్రయాణం. శిరివెళ్ళ దాటేదాకా ఏం చెప్పాలో నాకు నేను వంద రకాలుగా చెప్పుకున్నాను. అత్తా, మీ మీద గౌరవముంది కానీ, అని ఒక రకం. అత్తా, మీ పట్టింపు పాడుగాను, అని ఇంకో రకం. దిగేసరికి రెండూ మరిచిపోయాను.

మా అత్తగారి వీధిలో శిల్పాలు చెక్కేవాళ్ళు ఉన్నారు. పొద్దున లేచింది మొదలు ఉలి దెబ్బలే. ఆ చప్పుడుకు ఆ ఇంట్లో అందరూ కొంచెం గట్టిగా మాట్లాడతారు. సారథి గొంతు చూసి మా అత్తకు అనుమానం వచ్చింది. అబద్ధం చెప్పకుండా అంతా చెప్పమని నేను కళ్ళతోనే చెప్పాను. చెప్పాడు. పొగ గది చెప్పాడు, బొమ్మ సంగతి చెప్పాడు, ఆముదం దగ్గరికి వచ్చేసరికి మింగబోయాడు, నేను అందుకుని చెప్పాను. మామ పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విని, చివరికి, "ఆ ఉద్యోగం వొద్దు. మానేయ్," అంది.

"అమ్మా."

"నంద్యాలలో పనే లేదా? అన్ని రైసుమిల్లులు ఉండాయి. రెండు నెల్లు ఇంట్లో ఉండు. కాన్పు కానీ. తర్వాత చూసుకుందాం."

"రెండు నెల్లు ఆగేదానికి వాళ్ళేం చుట్టాలా అత్తా?" నా గొంతు లేచింది. "నాలుగేండ్లు నేర్చుకున్న పని. ఆయనకు ఇష్టమైన పని. ఆయన లేకుంటే ఆడ మనిషి తక్కువ. గడ్డం కోసం వదిలేయమంటారా?"

"గడ్డం కోసం కాదు. నీ కోసం. నీ కడుపులోదాని కోసం."

"నా కడుపులోదానికి నాయన వద్దా?"

ఆమె పప్పు పెట్టాలని వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆమె కుక్కర్లో కందిపప్పు, నీళ్ళు పోసి మూత కోసం చేయి చాపింది. ఆ మూత నేను తీసుకున్నాను. గట్టు మీద పురికొస చుట్ట ఉంది. రెండు బెత్తెలు తెంపి, నాలుగు మడతలేసి, మూత అంచున గ్యాస్కెట్ మీదుగా పరిచాను.

"ఏం చేస్తాండావమ్మీ?"

"చూస్తాండండి."

పక్కనే ఆముదం సీసా ఉంది. వేలితో తీసి ఆ పురికొసకు బాగా పట్టించాను. మూత బిగించి పొయ్యి వెలిగించాను. ఇద్దరం నిలబడి చూస్తున్నాం. సారథి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొదట ఏమీ కాలేదు. కుక్కరు బుద్ధిగా కూర్చుంది. మా అత్త నా వైపు, ఏముంది ఇందులో అన్నట్టు చూసింది. ఇంకాసేపటికి పురికొస ఉన్నచోట ఆముదం బుడగలు లేచాయి. చిటపటమంది. ఆ తర్వాత అక్కడినుంచి ఆవిరి సర్రుమని పక్కకు కొట్టింది. పసుపు నీళ్ళు పొయ్యి మీద కారాయి. విజిల్ రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు.

"మీ కొడుకు మొహానికి పెట్టుకునేది ఇదే అత్తా," అన్నాను. "ఆ మూత ఇట్లనే అతుక్కోవాల. ఆ పురికొస ఆయన గడ్డం. ఆవిరి పోయినట్టు ఆయన గాలి పోయింది."

మా అత్త పొయ్యి ఆర్పింది. కారిన పప్పునీళ్ళు గుడ్డతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. బయట ఉలి దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

"ఆపొద్దు వాడు గీసుకోనన్నాడు," అంది నా వైపు తిరగకుండానే.

"యాపొద్దు?"

"పోయినేడు. ముందురోజు. అంతదాకా వాచ్‌రూములోనే గడ్డంతో నెట్టుకొచ్చినాడు. ట్రైనింగుకు పోవాల, గడ్డంతో పోతే వాపసు పంపిస్తారంట, ఏం చేయాల్నమ్మా అని ఫోన్ చేసినాడు. నేనే గీసుకో అంటి. ఉద్యోగం ముఖ్యం, స్వామికి నేను చెప్పుకుంటాలే అంటి. నా నోటితో అంటి." గుడ్డను పిండింది. "మర్నాడు నువ్వు ఆసుపత్రిలో ఉంటివి. డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థం కాలేదనుకుంటివా? అర్థమైంది. అర్థమైనా, పొద్దున లేస్తే నా నోరే గుర్తుకొస్తాది. అందుకే ఈసారి ఒట్టు నా తల మీదనే వేయించుకుంటి. ఏమన్నా అయితే నాకే కానీ అని."

ఒక సంవత్సరం పాటు ఆమె మౌనంలో నేను వెతుక్కున్నది నా తప్పును. ఆమె మోస్తున్నది ఆమె తప్పు. ఈయన తన తప్పు అనుకుని ముఖానికి ఆముదం పూసుకున్నాడు. అటు ఖాసిం అన్న నోరు రాక ఊరుకున్నాడు. ఇంతమందిమి ఇన్నాళ్ళు ఎవరికి వాళ్ళం కుమిలిపోయాం కానీ, ఒక్కరం నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"నన్ను అంటాండారనుకున్యా అత్తా," అన్నాను. "సంవత్సరమంతా."

"నిన్నెందుకంటా? నిన్నేమనేదానికుండాది?" ఆమె ఇటు తిరిగింది. కళ్ళు నిండి ఉన్నాయి. "పిచ్చిదానా."

ఆమెను నేను అంతకుముందు ఎప్పుడూ వాటేసుకోలేదు. పట్టుకుంటే నా కడుపు అడ్డమొచ్చింది. పక్కకు తిరిగి పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. సారథి గుమ్మం దగ్గరే నిలబడి దగ్గుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

మామ నడవలోంచి పిలిచాడు. "గోదా. ఒట్టు పెట్టించుకున్నది నువ్వే. తీసేయాల్సిందీ నువ్వే. బేగ తీసెయ్, పప్పు ఉడకాల్సి ఉండాది."

మా అత్త ముక్కు తుడుచుకుంది. ఒట్టు ఊరికే తీసేసే మనిషి కాదు ఆమె. "రేప్పొద్దున అహోబిలం పోదాం," అంది. "గడ్డం స్వామికిద్దాం. అప్పుడు కోసింది కాదు, ఇచ్చింది అయితాది."

"బాగానే ఉండాది," అన్నాను. "కానీ రోజూ గీసుకోవాలత్తా. రోజూ అహోబిలం పోతామా?"

"మొదటిది స్వామికి. తర్వాతవి నేను మాట్లాడుకుంటా ఆయనతో," అంది. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఆ ఖాసిం ఎట్ల చూస్తాడురా గడ్డం?" అని అడిగింది.

సారథి ఆమె చేయి తీసుకుని, వేళ్ళ వెనక భాగంతో తన దవడ కిందినుంచి పైకి ఎలా నిమరాలో చూపించాడు.

ఆదివారం పొద్దున అహోబిలంలో కల్యాణకట్ట దగ్గర మంగలి ఆయన, గుండు కాదు గడ్డమొక్కటే అంటే నమ్మలేదు. రెండుసార్లు అడిగాడు. కత్తి పెట్టగానే జారింది. "ఏం పూసినావప్పా దీనికి?" అని మూడుసార్లు కడిగించాడు. మా అత్త ఆ వెంట్రుకలు ఒక్కటి కూడా కింద పడకుండా గుడ్డలో పట్టి తనే ఇచ్చింది. దణ్ణం పెట్టుకుంటూ పెదాలు కదుపుతూ చాలాసేపు నిలబడింది. స్వామితో ఏం మాట్లాడుకుందో అడిగితే చెప్పలేదు.

సోమవారం సాయంత్రం ఖాసిం అన్న ఫోన్ చేశాడు. "ఈపొద్దు బొమ్మ బయటికొచ్చింది వేదమ్మా," అని పెట్టేశాడు.

ఆ మరుసటి రోజు నుంచి నాకు కొత్త బాధ మొదలైంది. రోజూ పొద్దున సరిగ్గా అయిదుంపావుకు ఫోను మోగుతుంది. అటు మా అత్త.

"గీసుకున్యాడా?"

"గీసుకున్యాడత్తా."

"కింద గూడానా? దవడ కింద?"

"గీసుకున్యాడు."

ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీకెట్లుండాది? కదులుతాందా?" అంటుంది. కదులుతోంది అనేదాకా ఆమె ఊపిరి నాకు ఫోనులో వినపడుతుంది. అడ్డమైన వేళకు లేపుతున్నందుకు రోజూ తిట్టుకునేదాన్ని. రోజూ మొదటి రింగుకే ఎత్తేదాన్ని. భయం పోయిందని ఆమె ఒక్కసారీ అనలేదు. పోలేదు కాబట్టే అనలేదు. భయం ఉండగానే రోజూ కొడుకుతో గడ్డం గీయించింది.

నొప్పులొచ్చిన రోజు సారథి డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం విమానం దిగి, మనుషులంతా బయటికొచ్చి, అది మళ్ళీ లేచి, ఆ తర్వాత పావుగంట గడిచేదాకా బండి దగ్గరినుంచి కదలకూడదు. కదల్లేదు. నేను అటు ఆసుపత్రిలో ఆయన్నీ, ఎయిర్‌పోర్టునీ, విమానాల్నీ అన్నింటినీ కలిపి తిట్టాను. నర్సు నవ్వింది. మూడుంపావుకు పాప పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఏడుపు వరండా దాకా వినపడిందట.

ఆయన అయిదింటికి యూనిఫాంతోనే పరిగెత్తుకొచ్చాడు. మా అత్త పాపను గుడ్డలో చుట్టుకుని నా మంచం పక్కనే కూర్చుని ఉంది. ఆయన చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు. పాపను ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేతి వేళ్ళ వెనక భాగంతో ఆయన దవడ కిందినుంచి పైకి నిమిరింది. ఒక వైపు చూసింది, రెండో వైపు చూసింది. ఎక్కడా గరగర లేదు. ఆమె చేయి మాత్రం అక్కడే ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇంగ ఎత్తుకో," అంది.